తేట తేరడం: బీరులో, కల్లులో, కాగులో

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, ముడిమ్యాల)

మన భాషలో "తేరుకోవడం" అనే మాటకి రెండు అర్థాలున్నవి. దుఃఖంలో ఉన్న మనిషి కుదుటపడితే తేరుకున్నాడంటాం. బురద నీళ్ళలో మట్టి అడుక్కి దిగి పైన నీరు తేటగా నిలిస్తే, అది కూడా తేరుకోవడమే. ఈ వ్యాసం రెండో అర్థాన్ని గురించినది. అయితే నీళ్ళతో మొదలుపెట్టడం లేదు, బీరుతో మొదలుపెడుతున్నాను. లెక్చరర్లు కనుబొమలు ఎగరేయనక్కరలేదు, ఇందులో కెమిస్ట్రీ తప్ప మరేమీ లేదు.

ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు కాచుకోవడం చట్టసమ్మతం. మనవాళ్ళు ఆవకాయ పెట్టుకున్నంత శ్రద్ధగా అక్కడ కొందరు బీరు పెట్టుకుంటారు. మన దగ్గర మాత్రం 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. కనుక దీన్ని చదివి ఎవరూ హాస్టల్ గదిలో బక్కెట్టు పెట్టవద్దని మనవి.

బీరు తయారీని నాలుగు మాటల్లో చెప్పవచ్చు. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతారు. మన ఇళ్ళలో రాగి మాల్టుకు చేసేది సరిగ్గా ఇదే పని. మొలకలో పుట్టే ఎంజైములు వేడినీళ్ళలో గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీటిని హాప్స్ అనే చేదు పూలతో మరగకాచి, చల్లార్చి, ఈస్ట్ వేస్తారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. వారం పది రోజుల్లో పులియడం పూర్తవుతుంది. అప్పుడు గ్లాసులోకి వంచి చూస్తే పలచని గంజిలాగా మసకగా కనబడుతుంది.

ఆ మసక ఒక్క వస్తువు వల్ల వచ్చేది కాదు. పని ముగించినా ఇంకా తేలుతున్న ఈస్ట్ కణాలు ఒకటి. గింజనుండి వచ్చిన ప్రోటీన్లు, పొట్టునుండీ హాప్స్ నుండీ వచ్చిన పాలిఫినాల్స్ (టీ డికాక్షనులో వగరు నిచ్చే జాతివి) ఒకదాన్నొకటి పట్టుకొని ఏర్పడే సన్నని నలుసులు రెండోది. ఈ రెండో రకం విచిత్రమైనది. వెచ్చగా ఉన్నప్పుడు కరిగిపోయి బీరు తేటగా కనబడుతుంది, ఐసు పెట్టెలో పెట్టగానే మళ్ళీ మబ్బు కమ్ముతుంది.

కొన్నాళ్ళు ఊరకే ఉంచితే దిగిపోదా అని మీరు అడగవచ్చు. జవాబు స్టోక్స్ 1851లోనే చెప్పాడు. ద్రవంలో దిగే కణం వేగం దాని వ్యాసార్ధపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఫస్టియర్ ఫిజిక్సులో బట్టీ పట్టిన సూత్రమే. ఇప్పుడు దానితో లెక్క వేసి చూద్దాం. ఈస్ట్ కణం అడ్డం 6 మైక్రాన్లు, అది బీరు కంటె లీటరుకు 70 గ్రాములు బరువెక్కువ, బీరు చిక్కదనం నీటికి ఒకటిన్నర రెట్లు అనుకుంటే, ఆ కణం రోజుకు సుమారు 8 సెంటీమీటర్లు దిగుతుంది. 30 సెంటీమీటర్ల లోతున్న పాత్రలో నాలుగు రోజుల్లో అడుగు చేరుతుంది. ఫరవాలేదు. కాని ప్రోటీను నలుసు అడ్డం అర మైక్రానే అయితే అది 12 రెట్లు చిన్నది, కనుక 144 రెట్లు నెమ్మది. రోజుకు అర మిల్లీమీటరు! అదే 30 సెంటీమీటర్లు దిగడానికి ఏడాదిన్నర కావాలి. పైగా అంత చిన్న కణాన్ని బ్రౌనియన్ చలనం, కొద్దిపాటి వేడి తేడాలు దిగనీయకుండా తోస్తూనే ఉంటాయి. ఆ బీరు తేటపడే లోపల మన డిగ్రీ అయిపోతుంది.

సూత్రంలోనే ఉపాయమూ ఉన్నది. కణాన్ని పెద్దది చేయాలి. పది రెట్లు పెద్ద గుంపు కట్టిస్తే వేగం వంద రెట్లు కావాలి. (నిజానికి గుంపు మధ్య మధ్య ద్రవం చిక్కుకొని ఉంటుంది కాబట్టి అంత రాదు, కాని చాలా వస్తుంది.) మరి అవి వాటంతటవే గుంపు ఎందుకు కట్టవు? ఈస్ట్ కణాల పైపొర బీరులో ఋణావేశంతో ఉంటుంది. ఋణం ఋణాన్ని నెడుతుంది. ఒకే ఊళ్ళో ఒకరి ముఖం ఒకరు చూసుకోని దాయాదుల్లాగా అన్నీ దూరదూరంగా తిరుగుతుంటాయి. వీటి మధ్యకు ధనావేశం గల పొడుగాటి అణువు నొకదాన్ని పంపితే అది ఇటొకణ్ణి అటొకణ్ణి పట్టుకొని ముడివేస్తుంది. ముడిపడిన గుంపు బరువెక్కి దిగేటప్పుడు దారిలో ఉన్న చిన్న నలుసుల్ని కూడా వలలాగా ఊడ్చుకొని పోతుంది. ఈ పని చేసే సరుకులనే ఇంగ్లీషువాళ్ళు ఫైనింగ్స్ అంటారు. మనం "తేర్పు" అందాం.

బీరు తేర్పుల్లో పేరు మోసినది ఐసింగ్లాస్. పేరు విని గాజు అనుకోవద్దు, అది చేప గాలితిత్తి. చేప నీళ్ళలో మునగడానికీ తేలడానికీ వాడుకునే ఆ తిత్తిని ఎండబెట్టి, తునకలు చేసి, పలచని ఆమ్లంలో రోజుల తరబడి నానబెడితే పలచని జిగురుగా ఉబ్బుతుంది. అందులో ఉన్నది కొల్లాజెన్ అనే ప్రోటీను, మూడు పేటలు పేనిన తాడులాంటి అణువు. బీరు పి.హెచ్. 4 దగ్గర ఉంటుంది, ఆ పులుపులో కొల్లాజెన్ ధనావేశం తెచ్చుకుంటుంది. ఇంగ్లండు వాళ్ళు ఒకప్పుడు దీన్ని రష్యా స్టర్జన్ చేపల నుండి తెప్పించుకునేవారు, ఖరీదెక్కువ. ఆవిరి యంత్రాల ఇంజనీరు విలియం మర్డాక్ 1795లో కాడ్ చేపతో చౌకగా చేసే పద్ధతి కనిపెడితే, లండను బీరు వ్యాపారులు ఆ హక్కు కోసం ఆయనకు 2,000 పౌన్లు ఇచ్చారు. ఆనాటికి అది చిన్న సొమ్ము కాదు.

ఈ తిత్తి కథలో మన తెలుగు సముద్రానికీ భాగమున్నది. కాకినాడ, అంతర్వేది రేవుల్లో ఎప్పుడైనా "కచిడి" చేప పడితే పేపర్లో ఫోటోతో సహా వార్త వస్తుంది. ఒక్క చేప లక్షల్లో పలుకుతుంది. ఆ ధర మాంసానికి కాదు, లోపలి గాలితిత్తికి. గుజరాత్‌లో దీన్నే ఘోల్ అంటారు, 2023 నవంబరులో ఆ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. వైను, బీరు తేర్చడానికి కొంటారని మన పత్రికలు రాస్తుంటాయి. తిత్తికి ఆ గుణం ఉన్న మాట నిజమే. కాని లక్షలు పోసి కొన్న తిత్తిని బీరులో వేస్తే ఆ బీరు కంపెనీ నెల తిరక్కుండా దివాళా తీస్తుంది. అంత ఖరీదు పెట్టేది హాంగ్‌కాంగ్, చైనాల్లో దాన్ని సూపుగా, బలవర్ధకంగా తినేవాళ్ళు. బీరుకు చౌక తిత్తులున్నవి, ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు నైలు పెర్చ్ చేపవి కూడా వాడతారు. గిన్నిస్ కంపెనీ తన నల్ల బీరులో చేప తిత్తి మానేస్తామని 2015లో ప్రకటించింది, శాకాహారుల ఒత్తిడి వల్ల. అన్నాళ్ళూ తాగిన శాకాహారుల సంగతి నేను ఎత్తను.

కొల్లాజెన్‌కు ఒక బలహీనత, వేడి. సుమారు 20 డిగ్రీలు దాటితే ఐసింగ్లాస్ జిగురు పాడవడం మొదలవుతుంది, మూడు పేటల తాడు విడిపోయి విడి పోగులవుతాయి. మా చేవెళ్ళ ఏప్రిల్ ఎండలో దాన్ని బయట పెడితే సాయంత్రానికి పనికిరాదు. ఆ విడిపోయిన పోగులే జెలటిన్. పశువుల ఎముకలు, తోళ్ళ నుండి తీసే జెలటిన్ కేకుల సామాను దుకాణాల్లో దొరుకుతుంది. ఐసింగ్లాస్ అంత చురుకైనది కాకపోయినా ఇళ్ళలో బీరు కాచేవారు ఎక్కువగా దీన్నే నమ్ముతారు. 20 లీటర్లకు 2 నుండి 4 గ్రాములు చాలు. చన్నీళ్ళలో నానబెట్టి, 65-70 డిగ్రీల దాకా వేడిచేసి, మరగనీయకుండా దించి, బాగా చల్లబరచిన బీరులో కలుపుతారు. బీరు చల్లగా ఉండటం ముఖ్యం, లేకపోతే చలిమబ్బు ప్రోటీన్లు కరిగే ఉంటాయి, కరిగిన దాన్ని తేర్పు పట్టుకోలేదు. రెండు మూడు రోజుల్లో అడుగున మడ్డి గట్టిపడుతుంది, పైతేటను కదలకుండా సన్న గొట్టంతో వేరే పాత్రలోకి దించుకుంటారు.

దీనికి తలకిందులుగా పని చేసే తేర్పు ఒకటున్నది: ఐరిష్ మాస్ అనే ఎర్రని సముద్రపు నాచు. దాని జిగురు ఋణావేశం గలది, అది ప్రోటీన్లను పట్టుకుంటుంది, ఈస్ట్‌ను కాదు. అందుకే పులియబెట్టక ముందే, మరగకాచేటప్పుడు చివరి 15 నిమిషాల్లో వేస్తారు. ఏ మబ్బుకి ఏ మందు అన్నది తెలియకుండా వేస్తే డబ్బు దండుగ.

నన్నడిగితే ఈ తేటకోసం ఇంత తాపత్రయం గాజు వల్ల వచ్చింది. మట్టి ముంతల్లో, తగరపు చెంబుల్లో తాగినన్నాళ్ళు ఎవరికీ మబ్బు కనబడలేదు. పందొమ్మిదో శతాబ్దంలో గాజు గ్లాసులు చౌకయ్యాకనే లోపల ఏముందో చూడటం మొదలైంది. జర్మనీ గోధుమ బీరును ఇప్పటికీ మబ్బుగానే పోస్తారు, అది వాళ్ళకు గౌరవం.

మన కల్లు సంగతి కూడా అంతే. మా దిక్కు ఈత చెట్లు, తాటి చెట్లు రెండూ ఉన్నాయి. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా దిగుతుంది, సున్నపు క్షారంలో ఈస్ట్, బాక్టీరియా పెరగలేవు. పూయకపోతే దిగుతుండగానే పులుస్తుంది. కల్లు తెలుపు పాల తెలుపు కాదు, లక్షల కోట్ల ఈస్ట్, బాక్టీరియా కణాలు వెలుతురును చెదరగొట్టగా వచ్చిన తెలుపు. కల్లుకు తేర్పు ఎందుకు వేయరు అని ఒక గౌడన్నను అడిగాను. "తేరిన కల్లెవడు తాగుతడు బిడ్డా? తేరిందంటే సచ్చిందన్నట్టే" అన్నాడు. శాస్త్రం కూడా అదే చెబుతుంది. పులుస్తున్నంత సేపు లేచే గాలి బుడగలు మడ్డిని కలియబెడుతూనే ఉంటాయి, ఏదీ దిగదు. బుడగలు ఆగి మడ్డి దిగే వేళకు కల్లు పులిసిపోయి సిర్కా దారి పడుతుంది. బీరు నెలల తరబడి నిలవుండాలి కాబట్టి దానికి తేర్పు కావాలి. కల్లు ఆ పూటకే.

తేర్పును నిజంగా వాడే సారా మాత్రం మన దగ్గర ఒకటున్నది. ఎక్సైజు వాళ్ళు గుడుంబా స్థావరాల మీద దాడి చేసిన వార్త ఏది చూడండి, రెండు మాటలు జంటగా వస్తాయి: నల్లబెల్లం, పటిక. బెల్లం ఊటలో పటిక వేస్తే బెల్లంలోని మురికి, గమ్ము గుంపు కట్టి దిగుతాయి, ఊట కొంత పులుపెక్కుతుంది. కాని ఊటను తర్వాత బట్టీ పట్టేదే కదా! పటిక ఆవిరి కాదు, మురికీ ఆవిరి కాదు, రెండూ కుండలోనే మిగులుతాయి. సారా అద్దంలా ఉండటానికి కారణం బట్టీ, పటిక కాదు.

ఇక నీళ్ళు. ఈ విద్యలో మనవాళ్ళు ఇంగ్లండు బీరువాళ్ళకు ఏమీ తీసిపోరు. చిల్లగింజ అని ఒకటున్నది, ఇండుప గింజ అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. సుశ్రుత సంహితలో నీటిని తేర్చేవాటిలో దీని పేరుంది. తడి కుండ లోపలి గోడకు గింజను అరగదీసి బురద నీళ్ళు పోస్తే కొద్దిసేపటికి తేరుతాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు స్ట్రిక్నోస్ పొటాటోరమ్. ప్రాణం తీసే ముష్టి గింజ కూడా ఇదే స్ట్రిక్నోస్ ప్రజాతికి చెందినది, కాని చిల్లగింజలో ఆ విషం లేదు. పొటాటోరమ్ అంటే లాటిన్‌లో "తాగేవాళ్ళది" అని అర్థమట, బీరుతో మొదలైన వ్యాసంలో ఇమిడిపోయింది.

మునగ గింజ ఇంకా తమాషా అయినది. అందులోని చిన్న ప్రోటీన్లు బలమైన ధనావేశం గలవి, అంటే చేప తిత్తి చేసే పనే మన పెరటి చెట్టు చేస్తుంది. ఎండిన గింజల పప్పు నూరి లీటరుకు ఒకటి రెండు గింజల లెక్కన కలిపితే బురద దిగుతుంది. సూడాన్ పల్లెల్లో స్త్రీలు నైలు నది నీటిని తరతరాలుగా ఇలాగే తేర్చుకున్నారు. గింజలోని మిగతా పదార్థం నీటిలో మిగిలిపోతుంది గనుక ఆ నీళ్ళు మర్నాటికి నిలవ ఉంచకూడదు.

పటిక అందరికీ తెలిసినదే. మా అవ్వ కాగులో నీళ్ళు పోసి పటిక గడ్డను మూడు చుట్లు తిప్పి తీసేసేది, నాలుగోది తిప్పేది కాదు. కొల్లాయిడ్ల పాఠం చదివాక నేను వివరించబోతే, "మూడు తిప్పుతె తేర్తయి, ఎక్కువ తిప్పుతె వొగరైతయి. గింతదానికి కాలేజీకి పోవాల్నారా?" అన్నది. పాఠంలో దీని పేరు షుల్జ్-హార్డీ నియమం. మట్టి కణాలు ఋణావేశం గలవి, వాటిని గుంపు కట్టించడంలో అయాను ఆవేశం పెరిగేకొద్దీ శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పటికలోని అల్యూమినియంకు మూడు ధనావేశాలు. అంతేకాక అది నీటిలో హైడ్రాక్సైడుగా మారి మెత్తని జెల్లీ తునకల్లా తయారై దిగుతూ మట్టిని ఊడ్చుకొని పోతుంది. మొయినాబాద్ పక్కనే ఉన్న గండిపేట (1920లో కట్టిన ఉస్మాన్ సాగర్) నీళ్ళను ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లలో శుద్ధి చేసి నగరానికి తాగించారు. అక్కడ జరిగే పని కూడా అవ్వ కాగులో జరిగిందే, కొలత పెద్దది, వెనక ఇసుక వడపోత, క్లోరిన్ ఉన్నాయి.

మోతాదు విషయంలో అవ్వ మాట నూటికి నూరుపాళ్ళు సరి. ధనావేశపు తేర్పు అతిగా వేస్తే ఋణావేశపు కణాలన్నీ దానితో కప్పబడి ఈసారి ధనావేశం తెచ్చుకుంటాయి, మళ్ళీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దిగవలసిన మబ్బు తిరిగి లేస్తుంది. బీరు కాచేవాళ్ళు అందుకే ముందు చిన్న చిన్న గ్లాసుల్లో వేరు వేరు మోతాదులు వేసి చూస్తారు, నీళ్ళ ప్లాంట్లలో కెమిస్టులూ రోజూ చేసే పని అదే.

రైతు ఇంట పుట్టినవాణ్ణి గనుక ఒక మాట. చౌడు నేలకు జిప్సం వేయడంలో ఉన్నదీ ఈ కిటుకే. చౌడులో సోడియం ఎక్కువ, దానికి ఒకటే ఆవేశం, మట్టి కణాలను గుంపు కట్టించలేదు. విడివిడి కణాలు సందులన్నీ పూడ్చి నీళ్ళు ఇంకనీయవు. జిప్సంలో కాల్షియంకు రెండు ఆవేశాలు. అది సోడియం చోటు తీసుకొని మట్టిని గుంపు కట్టిస్తుంది, నేల గుల్లబారుతుంది. బీరు తేర్చేవాడు, చౌడు బాగుచేసేవాడు ఒకే శాస్త్రం చదివినట్టు.

ఇంతవరకు చెప్పింది తేలేవాటి సంగతి. కరిగినవాటి సంగతి వేరు, అసలు భయం అక్కడున్నది. తేర్పు పట్టుకునేది కణాలను. ఆల్కహాలులో కరిగిన మిథనాల్‌ను ఏ చేప తిత్తీ పట్టుకోలేదు. మన దేశంలో కల్తీసారా మరణాలకు ఎక్కువ సార్లు కారణమైన ఆ మిథనాల్ కలిసిన సారా మంచి సారా అంత తేటగానూ ఉంటుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలాం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కంటికి ఆనవు, నురగనో తెలుపునో చూసి కల్లు మంచిదని చెప్పేవాడు తనకు తెలియనిదే చెబుతున్నాడు. నీళ్ళ విషయంలోనైనా అంతే. తేరిన నీళ్ళలో కలరా, టైఫాయిడ్ క్రిములు చాలావరకు మట్టితోపాటు దిగినా కొన్ని మిగులుతాయి, కాచడమో క్లోరిన్ వేయడమో తప్పదు. బోరు నీళ్ళు మొదటినుంచీ అద్దంలా ఉంటాయి, అందులోనే ఫ్లోరైడు ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదని, వేరే నీళ్ళు లేనిచోట ఒకటిన్నర దాటకూడదని మన భారత ప్రమాణం.

ఫ్లోరైడు జబ్బును ఈ దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్లగొండ దాని పేరుతో పడిన కష్టం అందరికీ తెలుసు. కరిగినదాన్ని తేర్పు పట్టలేదన్నానా? ఈ ఒక్కచోట మనవాళ్ళు పట్టించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు ప్రపంచమంతా ఉన్నది. సామాన్యంగా నీళ్ళు తేర్చడానికి లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక చాలు. ఇక్కడ వందల మిల్లీగ్రాములు వేస్తారు, పటికలో సుమారు ఇరవయ్యో వంతు సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడరు కలిపి. అంత పటిక వేస్తే పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడు తునకల మీద కరిగిన ఫ్లోరైడు అంటుకొని వాటితోపాటు దిగుతుంది. ఇంటి వాడకానికి 40 లీటర్ల బక్కెట్టు, దానికి అడుగుకు కొద్దిగా పైన ఒక నల్లా, కలియబెట్టి గంటసేపు కదపకుండా ఉంచి పైతేట పట్టుకోవడం, ఇంతే సామాను.

దీనికి ఖర్చు తక్కువ, కరెంటు అక్కరలేదు. ఇబ్బందులు వేరు. మోతాదు నీటి ఫ్లోరైడును బట్టే కాక క్షారతను బట్టి కూడా మారుతుంది, పరీక్ష చేయకుండా చేతి అందాజాతో వేస్తే కుదరదు. నీటిలో మిగిలే అల్యూమినియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. అడుగున మిగిలే మడ్డినిండా ఫ్లోరైడే, దాన్ని బావి పక్కనే పారబోస్తే వానాకాలానికి తిరిగి బావిలో చేరుతుంది. రోజూ కలిపి, ఆపి, వంచి, మడ్డి దూరంగా పారబోసే ఓపిక ఇంట్లో ఎవరికుండాలి? అది ఆడవాళ్ళ నెత్తిన పడే పని. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద నది నీళ్ళు ఊళ్ళకు వచ్చాక ఆ బక్కెట్ల అవసరం తగ్గింది. ఆ నది నీళ్ళను కూడా ముందు ప్లాంటులో పటికతోనే తేరుస్తారు.